కాల్ నొక్కే ముందు వేసుకోవలసిన లెక్క

ఆన్‌లైన్ పోకర్‌లో ప్రత్యర్థి బెట్ కట్టగానే ఫోల్డ్ (ముక్కలు వదిలేయడం), కాల్ (అంతే మొత్తం కట్టడం), రైజ్ (బెట్ పెంచడం) అనే మూడు బటన్లు తెర మీదికి వస్తాయి. ఫోల్డ్ చేస్తే పాట్ (అందరూ కట్టిన చిప్స్ కుప్ప) చేజారుతుంది, రైజ్ చేస్తే మరిన్ని చిప్స్ ముందుకు తోయాలి. కాల్‌లో ఈ రెండు ఇబ్బందులూ లేవు కనుక, ఏమీ తోచనప్పుడు వేలు దాని మీదికే పోతుంది. నా అభిప్రాయంలో అన్నిటికంటే గట్టి కారణం కావలసింది కాల్‌కే. రైజ్ చేసినవాడు ప్రత్యర్థి వదిలేసినా గెలుస్తాడు, చివరికి తన హ్యాండ్ (ముక్కల కూర్పు) పెద్దదని తేలినా గెలుస్తాడు. కాల్ చేసినవాడికి ఆ మొదటి దారి అప్పటికప్పుడు మూసుకుపోతుంది.

పాట్‌లో 100 చిప్స్ ఉండగా ప్రత్యర్థి 50 కట్టాడనుకుందాం. మన 50 కలిస్తే పాట్ 200 అవుతుంది, అందులో మన వాటా నాలుగో వంతు. కాబట్టి కనీసం 25 శాతం సార్లు గెలవగలిగితేనే ఈ కాల్ నష్టం లేనిది. బెట్ పాట్‌తో సమానమైతే 33 శాతం కావాలి. సైటు ప్రతి పాట్ నుంచి రేక్ (కమీషన్) తీసుకునే చోట ఇంకాస్త ఎక్కువే కావాలి.

ఇప్పుడు మన చేతిలో ఆఠీన్ తొమ్మిది, ఆఠీన్ ఎనిమిది ఉన్నాయి, ఫ్లాప్‌లో (అందరికీ ఉమ్మడిగా బల్ల మీద పరిచే మొదటి మూడు ముక్కల్లో) ఆఠీన్ రాజు, ఆఠీన్ రెండు, ఇస్పేటు నాలుగు పడ్డాయి. కనబడని 47 ముక్కల్లో 9 ఆఠీన్లు. ఉమ్మడి ముక్కల్లో నాలుగోది టర్న్, ఐదోదీ చివరిదీ రివర్. రివర్ వరకు ఆ రెండు ముక్కలూ చూస్తే ఫ్లష్ (ఒకే గుర్తున్న ఐదు ముక్కలు) పడే అవకాశం సుమారు 35 శాతం, టర్న్ ఒక్కదానిలోనే అయితే 19 శాతం. చాలామంది 35 శాతాన్ని మనసులో పెట్టుకుని కాల్ చేస్తారు. ఆ 50తో ప్రత్యర్థి ఆల్ ఇన్ అయి (తన చిప్స్ అన్నీ కట్టేసి) ఉంటే అది సరైన లెక్కే, ఎందుకంటే ఆ తర్వాత కట్టవలసిందేమీ ఉండదు. అతని దగ్గర ఇంకా చిప్స్ మిగిలి ఉంటే మాత్రం టర్న్‌లో మరో బెట్ రావచ్చు, రెండో ముక్క మనకు ఉచితంగా దొరకదు. అప్పుడు 25 శాతం కావలసిన చోట మన దగ్గర ఉన్నది 19 శాతమే. ఆ లోటు పూడాలంటే, ఫ్లష్ పడ్డ ప్రతిసారీ అతని నుంచి సగటున మరో 61 చిప్స్ రాబట్టగలగాలి. మూడో ఆఠీన్ చూడగానే ఆగిపోయే జాగ్రత్తపరుడి నుంచి అవి రావు.

ఇదే హ్యాండ్‌తో 150కి రైజ్ చేయడం వేరే సంగతి. 150 పందెం పెట్టి, పాట్‌లో ఉన్న 150 కోసం ఆడుతున్నాం; చేతిలో ఏమీ లేకపోయినా ప్రత్యర్థి సగం సార్లు ఫోల్డ్ చేస్తే నష్టం ఉండదు, పైగా మనకు ఫ్లష్ పడే ఆశ కూడా ఉంది కనుక అంతకంటే తక్కువసార్లు వదిలినా సరిపోతుంది. ఏ బెట్‌కూ ఫోల్డ్ చేయని మనిషి మీద మాత్రం ఈ ఎత్తు వృథా.

రివర్‌లో డ్రాల (మరో ముక్క పడితేనే పూర్తయ్యే హ్యాండ్ల) ప్రసక్తి ఉండదు. అక్కడ రైజ్ చేసే ముందు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ రైజ్‌కు కాల్ చేసే హ్యాండ్లలో మనకంటే చిన్నవి సగానికి పైగా ఉన్నాయా? చిన్నవన్నీ ఫోల్డ్ అయి, పెద్దవి మాత్రమే మిగిలేటట్లుంటే మంచి హ్యాండ్‌తోనైనా కాల్‌తో ఆగడమే మేలు. ఇక ఫోల్డ్ విషయంలో అంతకుముందు కట్టిన చిప్స్ లెక్కలోకి రాకూడదు. అవి పాట్‌వి, మనవి కావు.

ముఖాలు కనబడని ఆన్‌లైన్ టేబుల్ మీద చాలామంది ప్రత్యర్థి తీసుకున్న సమయాన్ని బట్టి అతని బలాన్ని ఊహిస్తారు. అతను అదే సమయంలో మరో మూడు టేబుళ్ల మీద ఆడుతూ ఉండవచ్చు కనుక ఆ ఆధారం బలహీనమైనది. బెట్ పరిమాణం, ముందు రౌండ్లలో అతను ఆడిన తీరు ఎక్కువ చెబుతాయి. చాలా సైట్లు ఆడిన హ్యాండ్లన్నిటినీ భద్రపరుస్తాయి. వాటిలో రివర్‌లో చేసిన కాల్స్‌ను మాత్రమే వేరుచేసి, ప్రతిదాని పక్కన అప్పుడు కావలసిన శాతాన్ని రాసుకుంటే, ఏ పరిమాణం బెట్లకు మనం అతిగా కాల్ చేస్తున్నామో స్పష్టంగా బయటపడుతుంది.