జావాలో డేటాబేస్ ఎర్రర్లు: ఏది చెప్పాలి, ఏది మళ్ళీ చేయాలి, ఎక్కడ ఆగాలి

డేటాబేస్‌తో మాట్లాడే జావా కోడ్ ఏ ప్రాజెక్టులో తెరిచినా ఒక క్యాచ్ బ్లాక్ తగులుతూనే ఉంటుంది. ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్‌ని (డేటాబేస్ ఎర్రర్‌కి జావా ఇచ్చే ఎక్సెప్షన్) పట్టుకుంటుంది, స్టాక్ ట్రేస్ ప్రింట్ చేస్తుంది, నల్ రిటర్న్ చేసేస్తుంది. చూడ్డానికి ప్రోగ్రాం పడిపోకుండా కాపాడినట్టే ఉంటుంది. కానీ ఆ మెథడ్‌ని పిలిచిన కోడ్ వైపు నుంచి చూడండి. ఫోన్ నంబరుతో కస్టమర్‌ని వెతికితే నల్ వచ్చింది. ఆ కస్టమర్ లేడా, లేక డేటాబేసే దొరకలేదా? తెలుసుకునే దారే లేదు. లేడనుకుని కొత్త కస్టమర్‌ని సృష్టించబోతుంది. పడిపోయిన ప్రోగ్రాం కనీసం పడిపోయినట్టు తెలుస్తుంది. తప్పు సమాచారంతో ముందుకెళ్ళే ప్రోగ్రాం వల్ల జరిగే నష్టం నెలాఖరు లెక్కల్లో గానీ బయటపడదు.

ఎర్రర్లు వందల రకాలు ఉండొచ్చు గానీ, పిలిచిన కోడ్ చేయగలిగే పనులు మూడే. యూజర్ ఇచ్చిన వివరాల్లో తేడా ఉంటే ఆ మాట అతనికి చెప్పడం. ఇబ్బంది తాత్కాలికమైతే కాస్త ఆగి మళ్ళీ ప్రయత్నించడం. రెండూ కాకపోతే పని ఆపేసి, పూర్తి వివరాలు లాగ్‌లో పెట్టి, ఆపరేషన్స్ టీమ్‌కి అలర్ట్ పంపడం. మన ఎక్సెప్షన్ క్లాసులు కూడా ఈ మూడింటి ప్రకారమే ఉండాలి. టేబుల్‌కొకటి చొప్పున కస్టమర్‌ఎక్సెప్షన్, ఆర్డర్‌ఎక్సెప్షన్ అని చేసుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్ రిపాజిటరీ పొర (డేటాబేస్‌తో నేరుగా మాట్లాడే కోడ్) దాటి బయటికి రాకూడదు. అక్కడే దాన్ని మన అన్‌చెక్డ్ ఎక్సెప్షన్‌గా (పట్టుకోమని కంపైలర్ బలవంతపెట్టనిది) మార్చాలి. మార్చేటప్పుడు అసలు ఎక్సెప్షన్‌ని కన్‌స్ట్రక్టర్‌లో కాజ్‌గా (మూల కారణంగా) ఇవ్వడం మర్చిపోకండి. మెసేజ్ ఒక్కటే కాపీ చేసి కాజ్ వదిలేస్తే, రాత్రి రెండింటికి లాగ్ చూసేవాళ్ళకి చేతిలో ఏమీ మిగలదు.

ఏ ఎర్రర్ ఏ కోవకి చెందిందో మెసేజ్‌లో పదాలు వెతికి తేల్చొద్దు. సర్వర్ భాష మారినా, వెర్షన్ మారినా ఆ మాటలు మారిపోతాయి. గెట్‌ఎస్‌క్యూఎల్‌స్టేట్ మెథడ్ ఐదు అక్షరాల కోడ్ ఇస్తుంది. మొదటి రెండు అక్షరాలు దాని తరగతి: 08 అంటే కనెక్షన్ సమస్య, 22 డేటా తప్పు, 23 కన్‌స్ట్రెయింట్ (టేబుల్ మీద పెట్టిన నియమం) ఉల్లంఘన, 40 ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాల్సిన, లేదా ఏదీ జరగకూడని పనుల గుంపు) రోల్‌బ్యాక్, అంటే వెనక్కి తిప్పడం, 42 క్వెరీలోనో అనుమతుల్లోనో తప్పు. పోస్ట్‌గ్రెస్‌లో ఇంకా లోతుకి వెళ్ళొచ్చు: 23505 డూప్లికేట్, 23503 ఫారిన్ కీ (ఇంకో టేబుల్ రికార్డుకి లింకు) తప్పు, 23502 నల్ ఉండకూడని చోట నల్. మైఎస్‌క్యూఎల్ మాత్రం ఈ మూడింటికీ 23000 అనే ఇస్తుంది. అక్కడ గెట్‌ఎర్రర్‌కోడ్ కూడా చూడక తప్పదు: డూప్లికేట్‌కి 1062, తల్లి రికార్డు లేకుండా పిల్ల రికార్డు పెట్టబోతే 1452, నల్‌కి 1048. ఆ నంబర్లు ఒక్కో డేటాబేస్‌కి ఒక్కో రకం. 1205 అంటే మైఎస్‌క్యూఎల్‌లో లాక్ కోసం ఆగి ఆగి టైమౌట్ అయిందని, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డెడ్‌లాక్‌కి (రెండు ట్రాన్సాక్షన్లు ఒకదాని లాక్ కోసం ఒకటి ఆగిపోవడం) బలయ్యిందని. అందుకే ఈ నంబర్లన్నీ ఒకే ఒక్క ట్రాన్స్‌లేటర్ క్లాసులో ఉండాలి.

జేడీబీసీ (జావా డేటాబేస్‌తో మాట్లాడే ప్రామాణిక ఇంటర్‌ఫేస్) 4.0 నుంచి ఎస్‌క్యూఎల్‌ట్రాన్సియెంట్‌ఎక్సెప్షన్, ఎస్‌క్యూఎల్‌ఇంటెగ్రిటీకన్‌స్ట్రెయింట్‌వయొలేషన్‌ఎక్సెప్షన్ లాంటి సబ్‌క్లాసులు ఉన్నాయి కదా, వాటినే పట్టుకుంటే సరిపోదా అంటే, డ్రైవర్‌ని బట్టి ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ వాటిని విసురుతుంది. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ సర్వర్ నుంచి వచ్చిన ఎర్రర్‌ని పీఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్‌గానే ఇస్తుంది. అది నేరుగా ఎస్‌క్యూఎల్‌ఎక్సెప్షన్‌కే సబ్‌క్లాస్ కాబట్టి మీ క్యాచ్ బ్లాక్‌కి తగలదు. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్ళకి డేటాయాక్సెస్‌ఎక్సెప్షన్ కుటుంబం ఈ అనువాదాన్ని చేసిపెడుతుంది. మళ్ళీ సొంతంగా రాసుకోనక్కర్లేదు.

డూప్లికేట్ సంగతి దగ్గర్నుంచి చూద్దాం. ముందు సెలెక్ట్ చేసి, లేకపోతే ఇన్సర్ట్ చేసే కోడ్ చాలామంది రాస్తారు. రెండు రిక్వెస్టులు ఒకే క్షణంలో వస్తే రెండూ 'లేదు' అనే చూస్తాయి, రెండూ ఇన్సర్ట్‌కి దిగుతాయి. నిజంగా కాపాడేది యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఒక్కటే. కాబట్టి నేరుగా ఇన్సర్ట్ చేసి, 23505 వస్తే 'ఈ నంబరుతో ఇప్పటికే ఖాతా ఉంది' అని చెప్పడమే సరైన పద్ధతి. టేబుల్‌లో ఈమెయిల్‌కీ యూనిక్ ఉంటే ఏది తగిలిందో కూడా తెలియాలి. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్‌లో సర్వర్ ఎర్రర్ మెసేజ్ ఆబ్జెక్ట్ నుంచి కన్‌స్ట్రెయింట్ పేరు తీసుకోవచ్చు. అందుకే కన్‌స్ట్రెయింట్లకి పేర్లు మీరే పెట్టండి. ఇంకో మాట: ఆ ఎర్రర్‌లోని డీటెయిల్ వాక్యంలో అసలు ఫోన్ నంబరే ఉంటుంది. దాన్ని యూజర్ స్క్రీన్ మీదికి ఎప్పుడూ పంపొద్దు. లాగ్‌లోకీ రాకూడదనుకుంటే కనెక్షన్ సెట్టింగుల్లో లాగ్‌సర్వర్‌ఎర్రర్‌డీటెయిల్‌ని ఫాల్స్ చేయండి. డిఫాల్ట్‌గా అది ట్రూ.

డూప్లికేట్‌ని పట్టుకున్నాం కదా అని అదే ట్రాన్సాక్షన్‌లో తర్వాతి క్వెరీ నడిపితే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. ఒక్క స్టేట్‌మెంట్ ఫెయిలైనా మొత్తం ట్రాన్సాక్షన్ చెడినట్టే. ఆ తర్వాత ఏది పంపినా 25పీ02 వస్తుంది. లాగ్‌లో ఈ కోడ్ కనిపిస్తే అసలు దోషి అది కాదు, దానికి ముందొచ్చి ఎవరో మింగేసిన ఎర్రర్. కొనసాగాలనే ఉంటే ఇన్సర్ట్‌కి ముందు సేవ్‌పాయింట్ (ట్రాన్సాక్షన్ మధ్యలో తిరిగి రాగలిగే గుర్తు) పెట్టి, ఫెయిలైతే అక్కడికి రోల్‌బ్యాక్ చేయాలి. లేదా ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ వాడి ఎర్రరే రాకుండా చూసుకోవాలి.

మైఎస్‌క్యూఎల్‌లో ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది. డెడ్‌లాక్ (1213) వస్తే ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ స్టోరేజ్ ఇంజిన్) మొత్తం ట్రాన్సాక్షన్‌ని వెనక్కి తిప్పేస్తుంది. లాక్ వెయిట్ టైమౌట్ (1205) వస్తే మాత్రం డిఫాల్ట్‌గా ఆ ఒక్క స్టేట్‌మెంట్‌నే తిప్పుతుంది. రెండింటికీ డ్రైవర్ విసిరేది మాత్రం మైఎస్‌క్యూఎల్‌ట్రాన్సాక్షన్‌రోల్‌బ్యాక్‌ఎక్సెప్షనే. పేరు చూసి అంతా రోల్‌బ్యాక్ అయిపోయిందనుకుని కొత్తగా మొదలెట్టి కమిట్ చేస్తే, పాత సగం పని కూడా దానితో కలిసి సేవ్ అవుతుంది. ఏ ఎర్రరైనా సరే, క్యాచ్‌లో రోల్‌బ్యాక్‌ని మీరే పిలవండి. ఇన్నోడీబీ లాక్ కోసం డిఫాల్ట్‌గా 50 సెకన్లు ఆగుతుంది. వెబ్ రిక్వెస్ట్‌కి అది చాలా ఎక్కువ, 5 చాలు.

మళ్ళీ ప్రయత్నించాల్సినవి డెడ్‌లాక్ (పోస్ట్‌గ్రెస్‌లో 40పీ01), సీరియలైజేషన్ వైఫల్యం (40001, అంటే ఒకేసారి నడిచిన ట్రాన్సాక్షన్ల ఫలితం ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టు కుదరకపోవడం) లాంటివి. అప్పుడు ఫెయిలైన స్టేట్‌మెంట్‌ని కాకుండా ట్రాన్సాక్షన్ మొత్తాన్ని మొదటి నుంచి, రీడ్‌లతో సహా నడపాలి. పాత రీడ్‌లో వచ్చిన బ్యాలెన్స్‌తో కొత్త అప్‌డేట్ చేస్తే రీట్రై వల్లే లెక్క తప్పుతుంది. మూడు ప్రయత్నాలు, మధ్యలో 50, 100 మిల్లీసెకన్ల ఆగడం, దానికి కొంత యాదృచ్ఛిక సమయం కలపడం సరిపోతుంది. ఆ యాదృచ్ఛిక భాగం లేకపోతే ఢీకొన్న రెండూ ఒకేసారి లేచి మళ్ళీ ఢీకొంటాయి. ఎస్సెమ్మెస్ పంపడం, పేమెంట్ గేట్‌వేని పిలవడం లాంటివి ఆ బ్లాక్ లోపల ఉండకూడదు. స్ప్రింగ్‌లో రీట్రై లూప్ ట్రాన్సాక్షనల్ మెథడ్‌కి బయట, వేరే బీన్‌లో (స్ప్రింగ్ నడిపించే ఆబ్జెక్ట్) ఉండాలి. అదే క్లాసులోంచి దిస్‌తో పిలిస్తే ప్రాక్సీని (ట్రాన్సాక్షన్ మొదలెట్టే స్ప్రింగ్ పొర) దాటేసి వెళ్తుంది, కొత్త ట్రాన్సాక్షన్ మొదలవదు. చెక్డ్ ఎక్సెప్షన్ బయటికి వెళ్తే స్ప్రింగ్ డిఫాల్ట్‌గా రోల్‌బ్యాక్ చేయదని, కమిట్ చేస్తుందని కూడా గుర్తుంచుకోండి.

హైబర్నేట్‌లో (జావా ఆబ్జెక్టుల్ని టేబుళ్ళలో దాచే లైబ్రరీ) సేవ్ చుట్టూ ట్రై పెట్టినా డూప్లికేట్ దొరక్కపోవచ్చు. ఐడీ సీక్వెన్స్ నుంచి వస్తుంటే ఇన్సర్ట్ ఫ్లష్ (పోగైన మార్పుల్ని డేటాబేస్‌కి పంపడం) దాకా వెళ్ళదు, ఎర్రర్ కమిట్ దగ్గర పేలుతుంది. అక్కడే పట్టుకోవాలంటే స్ప్రింగ్ డేటా జేపీఏలోని సేవ్‌అండ్‌ఫ్లష్ వాడండి. ఎర్రర్ వచ్చిన సెషన్‌ని మాత్రం మళ్ళీ వాడకండి.

అన్నిటికన్నా కష్టమైనది కమిట్ పంపాక, జవాబు రాకముందే కనెక్షన్ తెగడం. పని జరిగిందో లేదో క్లయింట్‌కి తెలిసే అవకాశం లేదు. గుడ్డిగా మళ్ళీ నడిపితే డబ్బు రెండుసార్లు బదిలీ అవుతుంది. ప్రతి రిక్వెస్ట్‌కి క్లయింట్ దగ్గరే ఒక ఐడీ తయారు చేసి, దాన్ని యూనిక్ కాలమ్‌గా అదే ట్రాన్సాక్షన్‌లో ఇన్సర్ట్ చేయండి. రెండోసారి నడిపినప్పుడు ఆ కన్‌స్ట్రెయింట్ మీద 23505 వస్తే మొదటిసారే పని అయిపోయిందని అర్థం. పాత ఫలితాన్నే తీసి ఇవ్వొచ్చు.

టైమౌట్ లేకపోతే ఇవేవీ పనిచేయవు, ఎర్రర్ వస్తేనే గదా పట్టుకునేది. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్‌లో సాకెట్‌టైమౌట్ డిఫాల్ట్ 0, అంటే ఎంతసేపైనా ఆగుతుంది. దానికి విలువ ఇవ్వండి, క్వెరీ టైమౌట్ కన్నా ఎక్కువే ఇవ్వండి. హికారీ పూల్‌లో (కనెక్షన్లని ముందే తెరిచి ఉంచి పంచే లైబ్రరీ) డిఫాల్ట్‌గా 10 కనెక్షన్లు, ఒక కనెక్షన్ కోసం 30 సెకన్ల నిరీక్షణ. అది దాటిందన్న మెసేజ్ వస్తే పూల్ సైజ్ పెంచేముందు, కనెక్షన్‌ని తీసుకుని క్లోజ్ చేయని కోడ్ ఉందేమో లీక్‌డిటెక్షన్‌థ్రెషోల్డ్ పెట్టి చూడండి. క్లోజ్ పని ట్రై-విత్-రిసోర్సెస్‌కి అప్పజెప్పండి. ఫైనల్లీలో రాసుకున్న క్లోజ్ తానే ఎక్సెప్షన్ విసిరితే అసలు ఎర్రర్ కప్పబడిపోతుంది. ట్రై-విత్-రిసోర్సెస్‌లో అసలుదే పైకి వస్తుంది, క్లోజ్‌ది సప్రెస్డ్ జాబితాలో ఉంటుంది.

ఇదంతా పనిచేస్తోందో లేదో టెస్టులో కావాలని చెడగొట్టి చూడాలి. రెండు థ్రెడ్లతో రెండు వరసల్ని ఎదురుబొదురు క్రమంలో అప్‌డేట్ చేయిస్తే పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా ఒక సెకను ఆగి డెడ్‌లాక్‌ని కనిపెట్టి ఒకదాన్ని రద్దు చేస్తుంది. ఇంకో సెషన్ నుంచి పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ పిలిస్తే కనెక్షన్ తెగుతుంది. టెస్టులు హెచ్2 (టెస్టులకి వాడే తేలికపాటి జావా డేటాబేస్) మీద కాకుండా కంటెయినర్‌లో అసలు పోస్ట్‌గ్రెస్ మీదే నడపండి. హెచ్2 డూప్లికేట్‌కి 23505 ఇస్తుంది గానీ ట్రాన్సాక్షన్‌ని చెడగొట్టదు, కాబట్టి 25పీ02 మీకు ప్రొడక్షన్‌లోనే మొదటిసారి కనిపిస్తుంది.