ఐదు వందల రూపాయల రసీదు

మా చిన్నాయిన ఇంట్లో ఒక పాత రేకుపెట్టె ఉంది. అందులో పట్టాదారు పాసుపుస్తకాలు, మా తాత ఫొటో ఒకటి, వాటి అడుగున మడతపెట్టిన ఒక రసీదు ఉంటాయి. మడతల దగ్గర చిరిగిపోతే వెనకవైపు సెల్లోటేపు అంటించాడు. ఆ టేపు కూడా ఇప్పుడు పచ్చబడింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి నామినేషన్ వేసినప్పుడు కట్టిన డిపాజిట్ రసీదు అది. 500 రూపాయలు.

ఆ ఎన్నికలో నల్లగొండ బరిలో 480 మంది నిలబడ్డారు. మా చిన్నాయిన వాళ్లలో ఒకడు.

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇది ఒక బిట్ ప్రశ్న. 'లోక్‌సభ ఎన్నికల్లో అత్యధిక అభ్యర్థులు పోటీ చేసిన నియోజకవర్గం ఏది?' అని అడుగుతారు. నల్లగొండ అని టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు పోతారు. అది చూసిన ప్రతిసారీ నా మనసు చివుక్కుమంటుంది. అంతమంది ఎందుకు నిలబడ్డారో ఆ పుస్తకాల్లో ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది మునుగోడు మండలంలో ఒక ఊరు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా వాడకట్టుకు ఒకటే బోరింగు. ఆ నీళ్లు బిందెలో రెండు రోజులుంటే లోపల తెల్లగా తెట్టు కట్టేది. కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడికేది కాదు, అమ్మ కట్టెలు ఎగదోస్తూనే ఉండేది. మా బడిలో నవ్వితే పళ్లు గోధుమరంగు చారలతో కనిపించని పిల్లలు తక్కువ. పళ్లతో పోతే సరేననుకోవచ్చు. మా ఇంటి వెనకాల ఒకాయన నలభై ఏళ్లకే నడుము వంగి, మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. మా కంటే చిన్నపిల్లలు కొందరు కాళ్లు దొడ్డిగా వంగిపోయి గోడ పట్టుకుని నడిచేవాళ్లు. ఫ్లోరైడ్ అనే మాట మాకు సైన్సు పుస్తకం కంటే ముందు వాళ్ల ఒళ్లు చూసే తెలుసు.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా దిక్కు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఒక పద్ధతి కనిపెట్టారు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, ముద్ద అడుగుకు పేరుకున్నాక పైనీళ్లు తీసుకోవాలి. ఆ పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే వాడారు. మా జిల్లా పేరు అంత దూరం పోయింది గానీ మా ఇంట్లో నీళ్లు మాత్రం బోరింగువే. పొద్దున్నే కూలికి పోయే మనిషి రోజూ పటిక తూచి, కలిపి, గంటసేపు ఆగి తాగాలంటే ఎన్నాళ్లు జరుగుతుంది?

మరి పక్కన కృష్ణ లేదా అంటే ఉంది. నాగార్జునసాగర్ ఆనకట్టకు ఒక ఒడ్డు నల్లగొండ జిల్లాయే. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967లో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పచ్చబడ్డాయి. మునుగోడు, దేవరకొండ, నల్లగొండ దిక్కు ఎత్తైన నేల. కాల్వ నీళ్లు వాటంతట అవి ఎక్కవు, ఎత్తిపోయాలి. లేదా శ్రీశైలం నుంచి కొండ తొలిచి సొరంగంలో తేవాలి. అదే శ్రీశైలం ఎడమగట్టు కాల్వ, అందరూ అనే ఎస్సెల్బీసీ. ఆ పేరు మా ఊళ్లో చదువురాని ముసలమ్మకు కూడా నోరు తిరుగుతుంది.

నల్లగొండ ఓటరు ఊరకే కూర్చునే రకం కాదు. 1952లో మొదటి ఎన్నికలప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే, వాళ్లు పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో పోటీ చేశారు. సాయుధ పోరాటం ఆగి అప్పటికి ఏడాది కూడా కాలేదు. రావి నారాయణరెడ్డికి ఇక్కడ 3,09,162 ఓట్లు పడ్డాయి. దేశంలో అందరికంటే ఎక్కువ, నెహ్రూకు వచ్చిన వాటికంటే కూడా ఎక్కువ. నల్లగొండ అప్పుడు ఇద్దరు సభ్యుల స్థానం, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు, కాబట్టి ఆ లెక్క వేరు అని కొందరంటారు. నెహ్రూ గెలిచిన స్థానం కూడా ఇద్దరు సభ్యులదే. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, దాని మీద గుర్తు, ఓటరు తన చీటీ తీసుకెళ్లి ఇష్టమైన డబ్బాలో వేయాలి. దొర ముందు తల ఎత్తని మనిషి ఆ తెర వెనకాల ఒంటరిగా నిలబడి ఏ డబ్బాలో వేశాడో ఆ అంకె చెబుతుంది. మా తాత ఆ ఎన్నికలో ఓటేసిన మనిషి. ఆయన నోట నెహ్రూ పేరు నేనెప్పుడూ వినలేదు, రావి నారాయణరెడ్డి పేరు మాత్రం వంద సార్లు విన్నాను.

ఆ తర్వాత ఒకే పార్టీకి కట్టుబడిన సీటు కూడా కాదు ఇది. 1962లో మళ్లీ రావి నారాయణరెడ్డే. 1971లో తెలంగాణ ప్రజా సమితి, 1977లో కాంగ్రెస్, 1984లో తెలుగుదేశం, 1991లో సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం. ఎర్రజెండా, చెయ్యి, సైకిలు అన్నీ తిరిగిన నియోజకవర్గం. గెలిచిన వాళ్లలో మంచివాళ్లున్నారు, జైళ్లకు పోయినవాళ్లున్నారు. బోరింగు నీళ్లు మాత్రం మారలేదు.

ఆ కోపమంతా 1996లో నామినేషన్ల రూపంలో బయటపడింది. దుశర్ల సత్యనారాయణ అప్పటికే బ్యాంకు ఉద్యోగం వదిలేసి జలసాధన సమితి పేరుతో ఊరూరా తిరుగుతున్నారు. ధర్నాలు అయిపోయాయి, వినతిపత్రాలు అయిపోయాయి. అప్పట్లో ఇండిపెండెంటుగా నిలబడాలంటే ఒక్క మనిషి ప్రతిపాదిస్తే చాలు, 500 డిపాజిట్ కట్టాలి. అంతే. ఊరికొకరు, ఇంటికొకరు నిలబడితే ఎన్నికే ఆగిపోతుంది, అప్పుడైనా ఢిల్లీ అడుగుతుంది అనేది ఆలోచన.

500 అప్పుడు చిన్న మొత్తం కాదు మాకు. చిన్నాయిన ఒక మేకపిల్లను అమ్మాడు. చిన్నమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. అంగీ ఉతికించుకుని, పొద్దున మొదటి బస్సుకు మా ఊరి నుంచి నలుగురు కలిసి నల్లగొండ పోయారు. కలెక్టరేట్ దగ్గర జాతరలా ఉందని, కాళ్లు వంగిన మనుషులు కూడా గేటు పట్టుకుని లైన్లో నిలబడ్డారని వచ్చి చెప్పాడు. నేను అడిగాను, "చిన్నాయినా, నువ్వు గెలుస్తవా?" అని. "గెలవనీకె గాదురా. నల్లగొండల ఏమైతుందని ఎవలన్న ఒకలు అడగాలె గద" అన్నాడు.

అడిగారు. అంతమందికి గుర్తులు వెతకాలి, బ్యాలెట్ అచ్చు వేయాలి. ఎన్నికల సంఘం పోలింగు వాయిదా వేయాల్సి వచ్చింది. చివరికి బ్యాలెట్ ఒక కాగితంలా కాక పుస్తకంలా వచ్చింది. అమ్మ ఓటేసి వచ్చి, పేజీలు తిప్పుతుంటే చెమటలు పట్టాయని, వెనక లైన్లోవాళ్లు తొందరపెట్టారని, అయినా మరిది గుర్తు దొరికేదాకా వెతికానని చెప్పింది. ధర్మభిక్షమే మళ్లీ గెలిచారు. మా చిన్నాయినతో పాటు దాదాపు అందరి డిపాజిట్లూ పోయాయి. పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ డబ్బు సర్కారుదే.

అదే ఏడాది కర్ణాటకలోని బెళగాంలో 456 మంది, తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది పోటీ చేశారు. వాళ్ల బాధలు వాళ్లవి. ఢిల్లీ జవాబు మాత్రం అందరికీ ఒకటే. 1996లోనే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 అయింది. ఇండిపెండెంటుకు ఒకరు కాదు, పదిమంది ప్రతిపాదించాలి. ఎన్నికలు సాఫీగా జరగాలంటే ఏదో ఒక హద్దు కావాలి, అది నేను కాదనను. కానీ చట్టం కొన్ని నెలల్లో మారింది, నీళ్లు రావడానికి ఏళ్లు పట్టింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

అయితే ఆ 480 నామినేషన్లు వృథా అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఆ తర్వాతే నల్లగొండ ఫ్లోరైడ్ గురించి దేశమంతా మాట్లాడింది. తర్వాతి ఏళ్లలో ఎత్తిపోతల నుంచి కృష్ణా నీళ్లు నల్లగొండ దగ్గరి ఉదయసముద్రానికి చేరాయి, తాగునీటి పైపులు ఊళ్లకు పాకాయి, మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. 2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు 178 మంది నిలబడి మొత్తం 185 మంది అభ్యర్థులైనప్పుడు, టీవీ ముందు కూర్చున్న చిన్నాయిన ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "మనోళ్లు చూపిన తొవ్వే" అన్నాడు. అప్పటికి డిపాజిట్ 25,000.

సొరంగం మాత్రం ఇంకా పూర్తి కాలేదు. దాదాపు 44 కిలోమీటర్లు తవ్వాల్సిన ఆ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. పొట్టకూటికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులు. ఆ వార్త విన్న రోజు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

ఇంకో సంగతి. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009 నుంచి మునుగోడు భువనగిరి ఎంపీ సీటు కిందికి పోయింది. మిర్యాలగూడ ఎంపీ స్థానం రద్దయి, ఆ కాల్వ కింది ఊళ్లు నల్లగొండలో కలిశాయి. 2024లో నల్లగొండలో కాంగ్రెస్ అభ్యర్థి కుందూరు రఘువీర్‌రెడ్డి 5,59,905 ఓట్ల మెజారిటీతో గెలిచారు. అంత పెద్ద అంకె వచ్చిన ఆ నల్లగొండలో ఇప్పుడు మా మునుగోడు లేదు. 480 మంది బరిలో నిలబడ్డ స్థానం పేరు మిగిలింది, ఆ కోపం పుట్టిన ఊళ్లు కొన్ని గీతకు అవతల పడ్డాయి. కొత్తగా చదివేవాళ్లకు ఈ తేడా తెలియాలి.

మొన్న దసరాకు ఊరికి పోయినప్పుడు ఎన్నికల సంఘం వాళ్ల 1996 ఫలితాల జాబితాలో నల్లగొండ పేజీలు ప్రింటు తీసి పట్టుకెళ్లాను. చిన్నాయిన ఓట్లు ఎన్నో ఆయనకు చూపించాలని. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. తన పేరు దగ్గర ఆగలేదు. వేలు పెట్టి మొదటి నుంచి ఒక్కో పేరు చదువుతూ పోయాడు. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుంటూ, తెలిసిన పేరు వచ్చినప్పుడల్లా ఆగి చెప్పాడు. "ఈయన పోయిండు. ఈయన మోకాళ్లు పట్టుకపోయి మంచంల వడ్డడు. ఈయన బిడ్డ టీచరైంది. ఈయన పోయిండు." పొద్దుగూకేదాకా చదివాడు. చిన్నమ్మ లోపలి నుంచి చెంబుతో నల్లా నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. ఇంకా రెండు పేజీలు మిగిలాయి. వాటిని రేపు చూద్దామని కాగితాలన్నీ నాలుగు మడతలు పెట్టి, రసీదు పక్కనే రేకుపెట్టెలో పెట్టాడు.