మూలకణాలు ఎక్కించరా అని అడిగాను

రెండు నెలలుగా తలుపు దాటేటప్పుడు భుజం తగిలేది. పరధ్యానం అనుకున్నాను. కళ్లజోడు మార్చుకుందామని వెళ్తే, కళ్ల డాక్టర్ ఒక యంత్రం ముందు కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు నొక్కే పనే పడలేదు. ప్రింట్ తీస్తే రెండు కళ్లకీ బయటి వైపు నల్లగా ఉంది. "లోపం కంట్లో లేదు, వెనకాల ఉంది. ఎమ్మారై తీయించుకోండి" అన్నారు.

పీయూష గ్రంథిలో 24 మిల్లీమీటర్ల గడ్డ. మెదడు అడుగున ఉండి హార్మోన్లు వదిలే ఆ గ్రంథే (పిట్యూటరీ) బఠానీ గింజంత ఉంటుంది. సరిగ్గా దాని పైనే రెండు కళ్ల నరాలూ కలుస్తాయి, గడ్డ వాటిని కింద నుంచి నెడుతోంది. ఆ గ్రంథి వదిలే హార్మోన్లలో ఒకటైన ప్రొలాక్టిన్ రక్తపరీక్షలో కొంచెం ఎక్కువ వచ్చేసరికి ఆశపడ్డాను, ఆ హార్మోన్ వదిలే గడ్డలు చాలావరకు మాత్రలకే తగ్గుతాయని చదివి. కానీ గ్రంథిని మెదడుకు కలిపే కాడ నలిగినా ఆ మాత్రం పెరుగుతుందట. నాది ఏ హార్మోనూ అదనంగా వదలని రకం. క్యాన్సర్ కాదు, కానీ ఆపరేషన్ తప్పదు.

ముందు రోజు పెట్టిన కాగితాల్లో ఒకటి, తీసిన గడ్డలో ముక్క పరిశోధనకు ఇస్తారా అని. వివరించడానికి వచ్చిన పరిశోధకురాలిని పట్టుకుని, రాత్రంతా నెట్‌లో చూసిన ప్రకటనల ధైర్యంతో అడిగేశాను: "మేడమ్, గ్రంథి దెబ్బతింటే మూలకణాలు, అదే స్టెమ్ సెల్స్, ఎక్కించి మళ్లీ పెంచలేరా?"

ఆవిడ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ గ్రంథిలో మూలకణాలు ఎలాగూ ఉంటాయట. సాక్స్2 అనే ప్రొటీన్ వాటి గుర్తు. అవి హార్మోన్ కణాలుగా మారగలవని 2008లో ఎలుకల్లో చూపించారు. 2013లో ఇంకో ప్రయోగం: ఆ మూలకణాల్లోనే ఒక జన్యువును చెడగొడితే ఎలుకకు గడ్డ వచ్చింది. ఇక్కడ ఆగి, "గడ్డ దేనితో తయారైందనుకుంటున్నారు?" అన్నారు. మూలకణాలతోనే అన్నాను. కాదట! చెడిన కణాలు పెద్దగా పెరగలేదు, పక్కవాటికి సంకేతాలు పంపి వాటిని పెంచాయి. ఊళ్లో గొడవ రేపి తాను అరుగు మీద కూర్చునేవాడు గుర్తొచ్చాడు నాకు.

అయితే ఆ ఎలుక గడ్డ, పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్రేనియోఫారింజియోమా అనే గడ్డకు దగ్గరట, నా రకానికి కాదు. నాలాంటి గడ్డల్లోనూ మూలకణాల గుర్తులున్న కణాలు దొరుకుతున్నాయి. అవి గడ్డను పోషిస్తున్నాయా, మామూలు గ్రంథి నుంచి మిగిలినవా అన్నదే వాళ్ల పని. "ఎక్కించడం సంగతి తర్వాత, ఉన్నవి ఏం చేస్తున్నాయో ముందు తెలియాలి కదండీ" అన్నారు. సంతకం పెట్టేశాను.

ఆపరేషన్ ముక్కులోంచే. నాకేమీ గుర్తులేదు. కష్టం ఆ తర్వాతే. ముక్కు చీదకూడదు, వంగకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. మూత్రం ప్రతిసారీ కొలిచి రాయాలి, ఎంత తాగానో కూడా. ఇంటికొచ్చాక ఏడో రోజు తలనొప్పి, వికారం. రక్తంలో సోడియం పడిపోయింది. నీళ్లు తగ్గించమన్నారు. దాహమేసినప్పుడల్లా తాగడం అలవాటైన మనిషికి అదో శిక్ష. ఈ ఏడో రోజు సంగతి డిశ్చార్జ్ కాగితంలో ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంది, పెద్దక్షరాల్లో ఉండాల్సింది.

మూడు నెలలకు మళ్లీ అదే యంత్రం. ఈసారి బటన్ నొక్కీ నొక్కీ వేలు నొప్పెట్టింది. ఒంటికి ఒత్తిడిని తట్టుకునే శక్తినిచ్చే కార్టిసాల్ హార్మోన్ మాత్రం పొద్దున్నే తీసిన రక్తంలో ఇంకా తక్కువే ఉంది. దాని బదులు వేసుకునే హైడ్రోకార్టిసోన్ మాత్ర కొనసాగించాలి, జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేయాలి.

"లోపల మూలకణాలున్నాయి కదా డాక్టర్‌గారూ, అవేం చేస్తున్నట్టు?" అన్నాను.

"వాటి సంగతి పరిశోధన చేసేవాళ్లు చూసుకుంటారు. మీరు మాత్ర మానకండి" అన్నారు.