తంజక్ తయారీ: నాలుగో గుడ్డ దాకా

మన తలపాగా పొడవాటి గుడ్డ, పెట్టుకున్నప్పుడల్లా కొత్తగా చుట్టాలి. మలయ్ మగవాళ్ల తంజక్ చదరపు గుడ్డ. ఇప్పుడు చాలామంది దాన్ని ఒకసారి మడిచి, లోపల కుట్టేసి, టోపీలా దాచుకుంటున్నారు. మలేసియాలో పెళ్లికొడుకు బాజు మెలాయు, అంటే మలయ్ సంప్రదాయ దుస్తుల, మీదకి పెట్టుకునేది ఇదే. ఆ పూటకి అతను ‘రాజా సెహారి’, ఒక్కరోజు రాజు.

నేర్చుకోడానికి తీసుకున్న మొదటి గుడ్డ: పాత కాటన్ దుప్పటి ముక్క, 75 × 75 సెం.మీ. మూలకు మూల కలిపి మడిస్తే వచ్చే త్రికోణంలో పొడవు అంచు 106 సెం.మీ. 57 సెం.మీ. తలకు చుట్టాక ముడికి ఇటు 24, అటు 24 మాత్రమే మిగిలింది. బిగవలేదు. 90 సెం.మీ. చదరం తీసుకుంటే పొడవు అంచు 127, కొసలు 35 చొప్పున వస్తాయి. ముడికి అది సరిపోతుంది. కాబట్టి ఇక అన్నీ 90.

రెండో గుడ్డకి సగ్గుబియ్యం గంజి. పొడవు అంచుని 5 సెం.మీ. వెడల్పున మూడుసార్లు పైకి మడిస్తే నుదుటి పట్టీ, అంటే బెంగ్‌కుంగ్, తయారవుతుంది. పట్టీ అడుగు నుంచి త్రికోణం కొసకు ఇంకా 48 సెం.మీ. ఉంటుంది. తంజక్ రూపమంతా ఆ కొసని ఎటు తిప్పి నిలబెడతామన్న దానిలోనే ఉంది. చుట్టడానికి 18 సెం.మీ. వ్యాసం ఉన్న స్టీలు గిన్నె బోర్లిస్తే కొలత సరిపోతుంది గానీ, తల గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. పూర్తయ్యాక ముందూ వెనకా పట్టేసి, చెవుల దగ్గర వదులైంది. ఇంకాస్త చిన్న గిన్నెకి ముందు, వెనక తువ్వాలు మడత కట్టి, చుట్టుకొలత 57 వచ్చేలా కోలగా చేసుకుంటే ఈ బాధ తప్పుతుంది.

మూడో గుడ్డ దగ్గర అసలు చిక్కు. పట్టీ చుట్టిన కొద్దీ సాగి, 57 కాస్తా 60 అయింది. కొస గంట నిలబడి వాలిపోయింది. కారణం గంజి కాదు. త్రికోణం పొడవు అంచు నేతకి ఏటవాలుగా ఉంటుంది, టైలర్లు క్రాస్ అనేది దాన్నే. క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి అతుక్కునేది గుడ్డ అటు సాగుతుంది కాబట్టే. అక్కడ మేలు చేసే గుణం ఇక్కడ చెరుపు చేస్తుంది. చదరం ఒక సెంటీమీటరు వంకరగా కత్తిరించినా చాలు, కొస పక్కకి తిరుగుతుంది. అందుకే కత్తిరించే ముందు ఒక పోగు లాగి, ఆ గీత వెంట కోయాలి. మడవక ముందే పల్చటి అతికే బక్రం వేయాలి, దాని నేత గుడ్డ నేతతో కలవాలి. పట్టీ భాగం మాత్రం వదిలేయాలి. మూడు మడతలకి అక్కడ గుడ్డ ఎనిమిది పొరలవుతుంది, బక్రం కూడా చేరితే సూది దిగదు. పట్టీని లాగి బిగించకుండా, చుట్టూ పరిచినట్టు తిప్పాలి.

నాలుగోది సొంగ్‌కెట్. మలేసియా రాష్ట్రాలైన తెరెంగాను, కెలాంతాన్‌లలో మగ్గాల మీద జరీ అడ్డపోగుతో నేసే గుడ్డ. దీన్ని తడపకూడదు, గంజి మాట ఎత్తకూడదు. గోటితో గట్టిగా మడత గీస్తే జరీ విరుగుతుంది. తిరగవైపు పల్చటి నూలు గుడ్డ పరిచి, తక్కువ వేడితో ఇస్త్రీ చేయాలి. గుండుసూది రంధ్రం కనిపిస్తుంది కాబట్టి బట్టల క్లిప్పులే నయం. మందం వల్ల లోపలి చుట్టుకొలత తగ్గుతుంది, అందుకని 57 తలకి 58.5 పెట్టాం. పట్టీ లోపల సెంటీమీటరుకొక కుట్టు, ముడి కింద మాత్రం జంట దారం.

కట్టు, అంటే మడిచి నిలబెట్టే తీరు, ఎంపికలో తొందర వద్దు. ‘దెందామ్ తక్ సుదా’, అంటే ‘తీరని పగ’ అనే పేరున్నది, మలేసియా రాజు అధికారిక శిరోవేష్టనం కట్టు. పసుపు రంగు కూడా సంప్రదాయంగా రాజవంశాలదే. నేర్చుకునేవాళ్లు రెంటినీ వదిలేయడం మర్యాద. ఇప్పటికి నల్ల సొంగ్‌కెట్ కొస రెండు రోజులుగా నిలబడే ఉంది. తర్వాతిది ‘ఆయమ్ పతా కెపక్’, అంటే రెక్క విరిగిన కోడి. కొస నిలబెట్టడం కాక, అనుకున్న చోట వాల్చడం అందులో పని.