పదిమంది ముందు చెప్పాల్సిన కృతజ్ఞత

107వ కీర్తనలో నాలుగు రకాల మనుషులు కనిపిస్తారు. ఎడారిలో దారి తప్పి ఆకలిదప్పులతో సొమ్మసిల్లినవాళ్లు, చీకటి చెరలో సంకెళ్లతో మగ్గినవాళ్లు, తిండి సహించనంత జబ్బు చేసి చావు గుమ్మం దాకా వెళ్లినవాళ్లు, నడిసముద్రంలో తుఫానుకు చిక్కినవాళ్లు. అందరూ దేవునికి మొరపెట్టారు, అందరూ గట్టెక్కారు. గట్టెక్కిన ప్రతిసారీ కీర్తనకారుడు ఒకే పల్లవి అందుకుంటాడు: ఆయన కృపను బట్టి కృతజ్ఞతలు చెల్లించాలి.

ఎక్కడ చెల్లించాలో 32వ వచనం చెబుతుంది. జనసమాజంలో, పెద్దల సభలో. యూదులు ఈ మాటను కవిత్వంగా చదివి వదిలెయ్యలేదు. ఈ నాలుగు గండాల్లో ఏది గడిచినా కనీసం పదిమంది ఉన్నచోట నిలబడి కృతజ్ఞత చెప్పాలని తల్ముద్ (యూదు పండితుల చర్చల, తీర్పుల గ్రంథం) కాలం నాటి రబ్బీలు దీన్నే నియమం చేశారు. ఆ ప్రార్థన పేరు బిర్కత్ హగోమెల్.

ఇప్పటికీ సినగాగుల్లో ఇది సాగుతోంది. సోమ, గురువారాల్లో, సబ్బాతు రోజున తోరా (మోషే ధర్మశాస్త్రం) చుట్ట విప్పి చదువుతారు కదా, సాధారణంగా అప్పుడే చెబుతారు. పెద్ద ఆపరేషన్ అయి కోలుకున్నవాళ్లు, సముద్రాలు దాటి విమానంలో క్షేమంగా ఇల్లు చేరినవాళ్లు ముందుకొస్తారు. చాలా చోట్ల కాన్పు అయిన తల్లులు కూడా చెబుతారు. చెప్పేది ఒక్క వాక్యం. అర్హత లేనివాళ్లకు సైతం మేలు చేసే దేవుడు నాకు సమస్తమైన మేలు చేశాడు, ఆయనకు స్తోత్రం అని దాని సారం. వెంటనే సమాజమంతా ఆమేన్ అని, నీకు ఇంత మేలు చేసినవాడు ఎప్పటికీ మేలే చేయాలి అని బదులిస్తుంది.

అంతే. ఏ జబ్బు, ఎన్ని రోజులు ఐసీయూలో ఉన్నారు, డాక్టర్లు ఏమన్నారు అనే కథేమీ చెప్పనక్కర్లేదు. మన చర్చిల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు పూర్తి వివరం చెప్పే అలవాటు ఉంది, దానికుండే బలం దానిది. కానీ ఈ ఒక్క వాక్యంలో నన్ను బాగా కదిలించేది 'అర్హత లేనివాళ్లకు' అన్న మాట. నా భక్తి వల్ల బతికాను అనడానికి అందులో చోటే లేదు. పక్క మంచం మీది మనిషి బతకకపోతే అతని భక్తి తక్కువని ఎవరూ అనుకోవడానికీ వీల్లేదు.

దేవాలయం ఉన్న రోజుల్లో ఇదే పని రొట్టెలతో జరిగేది. లేవీయకాండము 7వ అధ్యాయంలోని కృతజ్ఞతార్పణ చూడండి. బలితో పాటు నాలుగు రకాల రొట్టెలు తేవాలి. యూదుల పాత ధర్మనియమాల సంకలనమైన మిష్నా లెక్క ప్రకారం రకానికి పది చొప్పున మొత్తం 40. రకానికి ఒకటి చొప్పున నాలుగు యాజకునికి పోగా 36 రొట్టెలు తెచ్చినవాడికే మిగిలేవి, మాంసం సరేసరి. మామూలు సమాధానబలి మాంసం మర్నాడు కూడా తినొచ్చు. దీన్ని మాత్రం తెల్లారేదాకా ఉంచకూడదు. అన్ని రొట్టెలు ఒక్క ఇంటివాళ్లు ఒక్క పూటలో ఎలా తినగలరు? తినలేరు. బంధువులను, ఇరుగుపొరుగును పిలిచి తీరాలి. పిలిచాక, దేనికీ విందు అని అడగకుండా ఎవరుంటారు? జరిగిన మేలు పదిమందికీ తెలియాలనే ఇంత తిండికి ఇంత తక్కువ గడువు పెట్టారని, 19వ శతాబ్దంలో వొలోజిన్ విద్యాపీఠాన్ని నడిపిన నెత్సీవ్ అనే రబ్బీ వివరించారు. నాకు ఈ వివరణ ఎంతో నచ్చింది.

క్రీ.శ. 70లో దేవాలయం కూలిపోయాక ఆ బలి ఆగిపోయింది. కానీ మన దేశంలోనే, కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదుల ఇళ్లలో మలీదా అనే ఆచారం ఉంది. నానబెట్టిన అటుకుల్లో కొబ్బరి కోరు, చక్కెర, యాలకుల పొడి, బాదం, కిస్‌మిస్ కలిపి పళ్లెంలో పోస్తారు. చుట్టూ పళ్లు పేరుస్తారు. ఏలీయా ప్రవక్తను తలచుకుని పాడి, ఆశీర్వచనాలు చదివి, వచ్చినవాళ్లందరికీ పంచుతారు. మొక్కు తీరినా, జబ్బు నయమైనా, కొత్త ఇల్లు కట్టినా మలీదా చెయ్యాల్సిందే. 1948 తర్వాత ఇజ్రాయెల్‌కు వెళ్లి స్థిరపడినవాళ్లు కూడా దీన్ని వదల్లేదు.

పదిమంది కావాలి, సరే. అలాగని ఆ పదిమందిలో ఒకరు మన తరఫున చెబితే చాలదు. ఆరాధనలో ముఖ్యమైన అమీదా ప్రార్థనను నాయకుడు గట్టిగా తిరిగి చదువుతుంటే మిగతావాళ్లు విని ఆమేన్ అంటారు. మోదీమ్ అనే కృతజ్ఞతా భాగం రాగానే మాత్రం అందరూ వంగి, ఎవరి మాట వాళ్లు మెల్లగా చెప్పుకుంటారు. మిగతా ప్రార్థనలకు ప్రతినిధిని పెట్టుకోవచ్చు గానీ కృతజ్ఞతకు కుదరదని 14వ శతాబ్దపు స్పెయిన్ పండితుడు అబుదర్హామ్ రాశారు. ఆ మెల్లగా చెప్పుకునే మాటల్లోనే, నీకు కృతజ్ఞత చెప్పగలుగుతున్నందుకు కూడా నీకు కృతజ్ఞతలు అనే మాట ఉంది.

ఎవరి నోటితో వాళ్లే చెప్పాలంటే, చెప్పడం రానివాళ్ల సంగతేమిటి? ప్రథమఫలాల దగ్గర ఈ చిక్కు నిజంగానే వచ్చింది. తోటలో మొదట కనిపించిన అంజూరపు పిందెకు రెల్లుపోచ కట్టి గుర్తు పెట్టుకునేవాళ్లు. పండాక బుట్టలో యెరూషలేముకు తెచ్చి, ద్వితీయోపదేశకాండము 26లోని మాటలు హీబ్రూలో పలకాలి. చదవడం వచ్చినవాళ్లు సొంతంగా పలికేవాళ్లు, రానివాళ్లకు ఒకరు అందిస్తుంటే వెంట పలికేవాళ్లు. నలుగురిలో ఆ అవమానం పడలేక, రానివాళ్లు బుట్టలు తేవడమే మానేశారు. అప్పుడు పెద్దలు వాళ్లను మందలించలేదు, చదువు నేర్చుకుని రమ్మనలేదు. ఇకమీదట వచ్చినా రాకపోయినా అందరికీ అందించాల్సిందే అని తీర్మానించారు. ధనవంతులు వెండి బంగారు బుట్టల్లో, పేదలు తొక్క తీసిన నిరవంజి చువ్వల బుట్టల్లో తెచ్చేవాళ్లని అదే మిష్నా చెబుతోంది. బుట్టల్లోని ఆ తేడాను కూడా తీసేసి ఉంటే ఇంకా బాగుండేదని నాకు అనిపిస్తుంది. మాట దగ్గర మాత్రం పండితుడూ పామరుడూ ఒకే గొంతు వెంట పలికారు.