మిత్రుడితో తెగని వాదన

హ్యూస్టన్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లం. ఇద్దరం స్వేచ్ఛావాదులమే. పన్నులు తగ్గాలి, ప్రభుత్వం మన జోలికి రాకూడదు, అంతవరకు ఒకే మాట. 2007 మే నెలలో, అధ్యక్ష పదవికి పోటీపడుతున్న రిపబ్లికన్ అభ్యర్థుల చర్చ చూస్తున్నాం. పదేళ్లుగా ఇరాక్‌పై బాంబులు వేస్తున్నాం, అందుకే 2001 సెప్టెంబర్ 11న మన మీద దాడి చేశారని టెక్సస్ ప్రతినిధి, స్వేచ్ఛావాది రాన్ పాల్ అన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోమన్నారు న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జూలియానీ. హాలంతా చప్పట్లు. నా పక్కన మిత్రుడూ కొట్టాడు. నా చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

"నియంత కింద నలిగేవాడికి స్వేచ్ఛ అక్కర్లేదా?" అని అడిగాడు. తేలిక ప్రశ్న కాదు. న్యాయశాస్త్ర ఆచార్యుడు రాండీ బార్నెట్ కూడా, స్వేచ్ఛావాదులందరూ ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించడం లేదని ఆ ఏడాదే రాశారు. కానీ మన ఊళ్లో బడి నడపడానికే ప్రభుత్వాన్ని నమ్మనివాళ్లం, సముద్రాల అవతల ఒక దేశాన్ని నిలబెడుతుందంటే ఎలా నమ్మాలి? 2002లో అమెరికా ప్రతినిధుల సభలో ఇరాక్ యుద్ధ తీర్మానాన్ని కాదన్న రిపబ్లికన్లు ఆరుగురే. పాల్ వారిలో ఒకరు. ఆ ఓటు మీద నాకు ఈనాటికీ గౌరవం.

మిత్రుడు ఇప్పటికీ ఉగాదికి ఫోను చేస్తాడు. ఉక్రెయిన్ మాట రాగానే ఇద్దరి గొంతులూ పెరుగుతాయి.