మా వాడికి కూడా

పదకొండున్నర దాటింది. గిన్నెలు సర్దేశాను, అత్తయ్యకి మాత్రలిచ్చాను, పాలు తోడేశాను. ఇంక పడుకోవాలి. కానీ పొద్దున షాపులో నా నోటినుంచి ఊడిపడిన ముక్క ఒకటి చెవిలో జోరీగలా తిరుగుతోంది. "మా వాడికి కూడా పనికొస్తుంది."

ఎవరడిగారని అన్నాను?

లాంగ్‌బోర్డు, అంటే నిలబడి జారే నాలుగు చక్రాల పొడవాటి స్కేట్‌బోర్డు, ఒకటి కొనుక్కోవాలని మార్చి నుంచి ఇక్కడ నస పెడుతూనే ఉన్నాను. ఇక్కడ కాలిఫోర్నియాలో, అలమీడా క్రీక్ ట్రెయిల్ అనే ఏటిగట్టు దారి మీద నడకకి వెళ్లినప్పుడల్లా ఒకావిడ కనిపిస్తుంది. నాకన్నా ఐదారేళ్లు పెద్దదే అయ్యుంటుంది, జుట్టు బాగా నెరిసింది. పొడవాటి చెక్క మీద నిలబడి, ఏ తొందరా లేనట్టు, కాలితో ఒక్కసారి నేలని తన్ని చాలాసేపు అలా జారిపోతూ ఉంటుంది. నైల్స్ దగ్గర కొండల్లోంచి శాన్ ఫ్రాన్సిస్కో బే దాకా పన్నెండు మైళ్ల దారి, దక్షిణం గట్టు పొడవునా తారు. నేను అరగంట చెమటలు కక్కి నడిచే దూరం ఆవిడకి పది నిమిషాలు. నలభై నాలుగేళ్ల వయసులో నాకు ఇంకొకరిని చూసి కుళ్లు పుట్టడం అరుదు. నగలకి పుట్టలేదు, ఇళ్లకి పుట్టలేదు. ఆ చెక్కకి పుట్టింది.

అక్కడినుంచి నా చదువు మొదలైంది. చదివినకొద్దీ నవ్వొచ్చింది. ట్రక్కు (చక్రాల్ని చెక్కకి బిగించే లోహపు భాగం), యాక్సిలు, కింగ్ పిన్, బుష్షు, బేరింగు. ఇదంతా మా విజయవాడ ఆటోనగర్ భాషే కదా! అన్నయ్య షాపులో అద్దాల బీరువా నిండా ఉండేవి ఇవే. లారీకి ముందు చక్రాలు పక్కలకి మళ్లేది కింగ్ పిన్ అనే ఉక్కు కడ్డీ మీద, ఈ చెక్కకి వంపు తిరిగేదీ దాని మీదే. తేడా ఏంటంటే దీనికి స్టీరింగు లేదు. కింగ్ పిన్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మనం ఒక పక్కకి ఒరిగితే యాక్సిలు కూడా అటే మళ్లుతుంది. మధ్యలో రబ్బరులాంటి బుష్షులు, మెత్తనివైతే సులువుగా తిరుగుతుంది, గట్టివైతే మొండికేస్తుంది. మనిషి బరువుని బట్టి మార్చుకోవాలట. నా బరువు ఇక్కడ రాయను.

మా ఆయన మాత్రం అన్నిటికీ ఎక్సెల్ షీటే కదా, దీనికీ ఒకటి తెరిచారు. చెక్క పొడవు ఒక గడి, చక్రం ఎన్ని మిల్లీమీటర్లో ఒక గడి, చక్రం మెత్తదనం ఒక గడి. అక్కడిదాకా బాగానే ఉంది. పిల్లలు మెట్ల మీద ఎగిరే మామూలు స్కేట్‌బోర్డుకి యాభై రెండు మిల్లీమీటర్ల చక్రాలు, రాయిలా గట్టివి. నాలాంటి వాళ్లకి డెబ్భై, డెబ్భై అయిదు, మెత్తదనం కొలతలో 78ఏ దగ్గర ఉండేవి. చిన్న గులకరాయి అడ్డొస్తే గట్టి చక్రం టక్కున ఆగి మనిషిని ముందుకి విసిరేస్తుంది, పెద్ద మెత్త చక్రం దాన్ని మింగేసి పోతుంది. ఇది ఆయనే చదివి చెప్పారు, ఒప్పుకుంటాను. కానీ బేరింగుల దగ్గరికొచ్చేసరికి మొదలైంది. "ఏబెక్ తొమ్మిది ఉన్నదే తీసుకో, ఏడుతో సరిపెట్టుకోవడం ఎందుకు?" ఆ అంకె బేరింగుని ఎంత కచ్చితంగా తయారు చేశారో చెబుతుంది గానీ బోర్డు ఎంత జోరుగా పోతుందో చెప్పదండీ, అసలది యంత్రాల కోసం పెట్టిన కొలత అని మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చూస్తే గడిలో తొమ్మిదే ఉంది, పైగా ఆకుపచ్చ రంగు వేసి.

అత్తయ్య ఒక్కటే మాట అన్నారు. "అమ్మాయ్, సర్కస్‌లో చేరతావా ఏం?" తర్వాత ధర అడిగి, రూపాయల్లోకి మార్చుకుని, నిన్నంతా నాతో పొడిపొడిగా మాట్లాడారు.

సరే, షాపు. మా అబ్బాయి బుజ్జిగాడిని వెంటేసుకుని వెళ్లాను. వాడంతట వాడే వస్తానంటే సంతోషించాను కూడా. లోపల గోడ పొడవునా చెక్కలు, చేపల మార్కెట్లో చేపల్లా వరసగా. ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై, ఇరవై రెండు ఉంటాయి, మే నెలలో ఉన్ని టోపీ. తిన్నగా బుజ్జిగాడి దగ్గరికెళ్లి ఏం చూస్తున్నావ్ బ్రో అన్నాడు. వీడు గడ్డంతో నన్ను చూపించాడు. ఆ కుర్రాడు నన్నొకసారి చూసి, మళ్లీ వీడివైపే తిరిగి ఇంతకుముందు ఎప్పుడైనా ఎక్కావా అని అడిగాడు. వాడికి కాదు, నాకు అన్నాను. "ఆసమ్!" అన్నాడు. ఆ ఆసమ్ ఎలాంటిదంటే, గ్లాసుడు పాలు మొత్తం తాగిన మూడేళ్ల పిల్లాడిని మెచ్చుకునే ఆసమ్.

అప్పుడన్నాను ఆ ముక్క. మా వాడికి కూడా పనికొస్తుంది అని. అనగానే బుజ్జిగాడు ఫోన్లోంచి తలెత్తాడు. "నాకెందుకు? నాకొద్దు." అంతే, మళ్లీ తల దించేశాడు.

తర్వాతదంతా ఇంకా అన్యాయం. ఏ కాలు ముందు పెడతారు అన్నాడు ఆ కుర్రాడు. తెలీదన్నాను. ఎడమ కాలు ముందుంటే రెగ్యులర్, కుడి కాలు ముందుంటే గూఫీ అట. తెలుసుకోవడానికి సులువైన పద్ధతి, మీ అబ్బాయిని వెనకనుంచి చెప్పకుండా చిన్నగా తోయమనండి, తూలినప్పుడు ఏ కాలు ముందుకి పడితే అదే అన్నాడు. చెప్పకుండా తోయాలని నాకే చెబుతున్నాడు, బాగుంది. బుజ్జిగాడి మొహం చూడాలి. నేల చీలితే లోపలికి దూకేసేవాడు. "అమ్మా, ప్లీజ్." వాడు తోయలేదు, నేను తూలలేదు, ఆ సంగతి అక్కడే ఆగిపోయింది.

నా కళ్లేమో పిన్‌టెయిల్ అనే రకం మీదున్నాయి. వెనక సన్నగా తోకలా సాగి, పైన చెక్క జీరలు కనిపిస్తూ ఎంత అందంగా ఉందో. దాని పుట్టుకే సముద్రం పక్కన. కాలిఫోర్నియాలో అలల మీద ఆడేవాళ్లు అలలు లేని రోజున రోడ్డు మీద ఆడుకోవడానికి చేసుకున్నదే కదా మొదట ఈ ఆటంతా. ఆ తోక అక్కడిది. కుర్రాడు దాన్ని పక్కకి పెట్టి ఇంకోటి తెచ్చాడు, డ్రాప్ త్రూ. దీనికి ట్రక్కుల్ని చెక్క కింద బిగించరు, చెక్కకి కంత చేసి అందులోంచి దింపుతారు. అందుకని నిలబడే చోటు నేలకి దగ్గరగా ఉంటుంది, తన్నడానికి మోకాలు అంత వంచక్కర్లేదు, కాలు రాసి ఆపడం కూడా సులువు. చూడ్డానికి మాత్రం రెండు పక్కలా కొరికేసిన బిస్కెట్‌లా ఉంది. ఎందుకిది అన్నాను. చాలా ప్రేమగా నవ్వి అన్నాడు కదా, "మా అమ్మ కూడా ఇదే వాడుతుంది."

అంతే. ఇంకో రోజు వస్తామని చెప్పి బయటికి వచ్చేశాను. కారులో బుజ్జిగాడు పాటలు వింటున్నాడు, నేను స్టీరింగు పళ్లతో కొరికినంత పని చేశాను. పిన్‌టెయిలే కొంటాను, ఇంకో షాపులో కొంటాను, పడితే పడతాను, మీ అమ్మ మీద ఒట్టు అనుకున్నాను.

సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతుంటే మాత్రం మా బండి గుర్తొచ్చింది.

1990 వేసవి. ఏడాది ఎందుకు గుర్తుందంటే ఆ మే నెలలోనే పెద్ద తుఫాను. గాలికి మా వెనకింటి వాళ్ల గేదెల పాక కూలింది. మూడోరోజు ఎండ రాగానే అందులోంచి ఒక పలకా, రెండు రీపర్లూ అన్నయ్య చేతిలో ఉన్నాయి. అడిగి తెచ్చాడో లేదో ఇప్పటికీ తెలీదు. నాన్న ఆటోనగర్‌లో లారీ షెడ్డులో లెక్కలు రాసేవారు కదా, అరిగిపోయి పారేసిన బేరింగులు నాలుగు తెచ్చిపెట్టారు. వాటిని కిరసనాయిల్లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమితే నల్లటి జిడ్డు పోయి లోపల గుళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూసి నేను అప్పుడే దాసోహం. రీపరు కొసలు కత్తితో గుండ్రంగా చెక్కి, బేరింగుల్ని రాయి పెట్టి కొట్టి దిగ్గొట్టాడు. వెనక రీపరు పలకకి మేకులతో. ముందుదానికి నడిమధ్య ఒక్కటే బోల్టు, అటూ ఇటూ తిరగడానికి, రెండు కొసలకీ తాడు. అన్నయ్య దాన్ని అప్పుడే కింగ్ పిన్ అన్నాడు, ఇప్పుడనుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

మొగల్రాజపురంలో కొండ పక్క సందులంటే వాలు కొరవా? సిమెంటు రోడ్డు మీద ఉక్కు బేరింగులు. ఆ చప్పుడు వినని వాళ్లకి చెప్పలేను. రెండింటికి అందరూ నిద్రపోయే వేళ, కరకరకరకర మని పళ్లు జివ్వుమనేలా. వీధి చివరి మాస్టారైతే గేటులోంచి చెప్పు విసిరేవారు. ఇక్కడ అమెరికాలో కూడా ఒకప్పుడు మట్టి చక్రాలు, ఉక్కు చక్రాలే ఉండేవట, 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్వర్తీ అనే ఆయన యూరిథేన్ చక్రాలు తెచ్చాక ఆట మొత్తం మారిపోయిందట. మా సందులో 1990లోనూ ఉక్కు యుగమే. బ్రేకు అంటే అన్నయ్య కుడికాలి హవాయి చెప్పు. నెల తిరిగేసరికి కుడి చెప్పు మడమ దగ్గర కాగితంలా అయిపోయింది, ఎడమది కొత్తదిలా ఉంది. ఒక్క చెప్పు ఎవరమ్ముతారని అమ్మ చీపురు తీసుకుంది.

నేను తోసేదాన్ని. నడుం వంచి, వాడి వీపు మీద రెండు చేతులూ ఆనించి, పరుగు. "తర్వాత నీ వంతే" అనేవాడు. తర్వాత అంటే దీపాలు పెట్టే వేళ. ఆడపిల్ల మోకాళ్లు చెక్కుకుపోతే ఎలా అని అమ్మ. నా వంతు వచ్చింది రెండుసార్లో మూడుసార్లో. నేల జానెడు దూరంలో ఉంటుంది, రోడ్డు ఒంట్లోకి వచ్చేసినట్టు ఉంటుంది. దారినపోయే వాళ్లు ఎవరిదే ఈ బండి అనడిగితే మా అన్నయ్యది అని చెప్పేదాన్ని, నేను కూర్చుని ఉన్నా సరే.

ఉల్లిపాయల దగ్గర ఇదంతా తలుచుకున్నాక కోపం కొంచెం కదిలింది. జానెడు ఎత్తు మంచిదే అని నాకన్నా ఎవరికి తెలుసు? పిన్‌టెయిల్ ఎత్తుగా ఉంటుంది, మరీ ఒరిగితే చక్రం చెక్కకి తగిలి పట్టేసే ప్రమాదం కూడా ఉంది, అది చదివీ మనసులోకి రానివ్వలేదు. కొరికిన బిస్కెట్ అన్నానే, ఆ కొరుకుడు చక్రం తగలకుండా ఉండటానికే. కుర్రాడు సరైనదే ఇచ్చాడు.

ఇంకో సంగతి ఇందాక పెరుగుకి తోడు వేస్తుంటే తట్టింది. మా అమ్మ కూడా ఇదే వాడుతుంది అన్నాడు. అంటే వాళ్లమ్మ ఎక్కుతుంది! అమ్మ బోర్డు ఎక్కడం వాడికి ఇంట్లో మామూలు విషయం. ఆ షాపులో నన్ను చూసి వింతపడనివాడు ఎవరైనా ఉన్నారంటే వాడొక్కడే. నేను బుజ్జిగాడిని అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. అయినా మొదట తిన్నగా బుజ్జిగాడి దగ్గరికే వెళ్లాడుగా? అది తప్పే. ఆ ఆసమ్ కూడా తప్పే. వాటిని క్షమించను.

నిద్ర రాక అన్నయ్యకి ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం మధ్యాహ్నం, షాపు లేదు.

"ఏంటే, ఇంకా పడుకోలేదా?"

"అన్నయ్యా, మన బేరింగుల బండి గుర్తుందా?"

"ఎందుకు లేదు? నువ్వు మహారాణిలా కూర్చునేదానివి, నేను తోసేవాణ్ణి. నడుం పడిపోయేది."

ఏమన్నావ్ అన్నాను. మళ్లీ అదే చెప్పాడు, తడుముకోకుండా. మరి నా మోకాలి మీద మచ్చో అన్నాను. అది రేషన్ షాపు మెట్ల మీద పడ్డావు, చక్కెర మొత్తం పారబోశావు అన్నాడు. పది నిమిషాలు పోట్లాడుకున్నాం. వెనకనుంచి వదిన ఎవరూ ఎవరూ అంటోంది. చక్కెర పారబోయడం నిజమే, అదొక్కటే నన్ను కాస్త తగ్గించింది. కానీ వాడి చొక్కా వీపు చెమటతో నా అరచేతులకి అంటుకోవడం నాకు గుర్తుంది, దాన్ని ఎవరు పుట్టిస్తారు?

బోర్డు సంగతి చెప్పాను. విని నవ్వలేదు వాడు. "బేరింగు నంబరెంత?" అన్నాడు.

"608. లోపల ఎనిమిది, బయట ఇరవై రెండు మిల్లీమీటర్లు."

"ఓస్, చిన్నది. ఇక్కడ దొరుకుతుంది. ఎన్ని కావాలి?"

"చక్రానికి రెండు, ఎనిమిది."

"ఎనిమిదా? మన బండికి నాలుగే. అందులోనూ ఒకటి పట్టేసేది. అందుకే తోసేటప్పుడు అంత కష్టమయ్యేది నాకు."

"నీకు కాదు, నాకు."

కూర చల్లారిపోతోందని పెట్టేశాడు.

ఏ కాలు ముందో ఇంకా తేలలేదు. ఆయన్ని తోయమందామంటే గురక వినిపిస్తోంది. రేపు కొత్తిమీరకి ఎలాగూ బయటికి వెళ్లాలి, షాపు ఆ దారిలోనే. ఒక్కదాన్నే వెళ్తాను. ఆ టోపీ కుర్రాడినే వెనకనుంచి తోయమంటాను.